కాసిం పేరు పేపర్లో

శరత్ చంద్రతో వచ్చిన చిక్కేమిటంటే, టెక్కలి నుంచి పలాస వెళ్ళడానికే అతనికి బస్సు పడదు గానీ, ఏ దేశం ఎలాంటిదో వరండాలో కూర్చునే చెప్పేస్తాడు. ఇరవై ఏళ్ళుగా విలేకరి మరి.

ఇప్పుడూ ఆ పనిలోనే ఉన్నాడు. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న బారువ ఊరి జాలరి అప్పలరాజు బంగ్లాదేశ్ జైలు నుంచి వచ్చి మూడు రోజులైంది. వేటకెళ్ళిన పడవ ఇంజన్ చెడి అవతలి నీళ్ళలోకి కొట్టుకుపోతే, ఐదు నెలలు అక్కడే ఉంచేశారు.

శీర్షిక శరత్ ముందే రాసిపెట్టుకున్నాడు: ‘నరకంలో ఐదు నెలలు’. ఇక నరకం ఒక్కటే రావాలి.

కొట్టారా అని అడిగాడు. లేదన్నాడు అప్పలరాజు. తిండి మాడ్చారా అంటే, కాసిం పెట్టాడన్నాడు. కాసిం ఆ జైల్లో వంటవాడు. అప్పలరాజుకి జ్వరమొస్తే చింతపండు చారు కాచి, తాగేదాకా పక్కనే కూర్చున్నాడట. ‘అన్నం తిన్నావా’ అని ఒక్కొక్కణ్నీ అడిగితే గానీ తను తినేవాడు కాదట.

“అదంతా ఎవడు చదువుతాడు? కష్టాలేమన్నా ఉంటే చెప్పు అప్పలరాజూ.”

“కట్టాలకేటి బావూ, అయ్యెక్కడైనా ఉంటాయి. కాసిం మంచోడని మీ పేపర్లో ఎయ్యాల. ఆ ముక్క కత్తిరించి ఆడికి పంపుతానని మాటిచ్చినాను.”

కుదరదన్నాడు శరత్. ఆ దేశం గురించి ఇప్పుడు జనం వినాలనుకునేది వేరన్నాడు. అయితే తన ఫొటో కూడా వద్దని అప్పలరాజు లేవబోయాడు. పొద్దున్న వచ్చిన ఇద్దరు విలేకర్లనీ ఇందుకే పంపేశాడట.

టీ తెచ్చిన హరిప్రియకు నవ్వొచ్చింది. మామగారు దాచిన పాత పేపర్లను, అటక దులిపినప్పుడల్లా మొగుడి కన్నా శ్రద్ధగా చదివిందామె. వాటిల్లో ఆ దేశం మొదట మనం పురుడు పోసిన పసిబిడ్డ. కొన్నేళ్ళకి వరదలో చెయ్యి చాపిన బీదరాలు. ఆ తర్వాత లోకానికంతా చొక్కాలు కుట్టిపెట్టే పనిమంతురాలు, చూసి నేర్చుకోమని సంపాదకీయాలు కూడా రాశారు. ఇప్పుడేమో పక్కలో బల్లెం. దేశం మాత్రం ఉన్నచోటే ఉంది.

“ఆ దేశానికిప్పుడు ఏ కాలం నడుస్తోందండీ, ఎండలా వానలా?” అని మొగుణ్ని అడిగింది.

టీలో పంచదార తక్కువైందన్నాడు శరత్.

ఆమె అప్పలరాజు వైపు తిరిగింది. “అన్నం తిన్నావా అని ఏ భాషలో అడిగేవాడు?”

“తెలుగేనమ్మా.”

“అతనికి తెలుగెలా వచ్చు?”

అప్పలరాజు మెల్లగా చెప్పాడు. పదిహేనేళ్ళ కిందట కాసిం పడవ కూడా ఇలాగే దారి తప్పి బారువ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఊళ్ళో వాళ్ళు ముందు అన్నం పెట్టారు, తర్వాత పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు. రెండేళ్ళు ఇక్కడి జైల్లో ఉన్నాడు. చారు కాయడం అక్కడే నేర్చాడు. పట్టుబడ్డ మర్నాడు మన పేపర్లో పడిన తన ఫొటోని ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు. మాట్లాడటమే గానీ తెలుగు చదవడం రాదు కాబట్టి, దాని కింద ఏం రాశారో మాత్రం అతనికి తెలియదు. తెలుగువాడు దొరికాడని అప్పలరాజు చేతికిచ్చి చదివించుకున్నాడు.

“ఏముంది అందులో?”

“‘పడవలో వచ్చిన దొంగలు’ అని ఉంది తల్లీ. నాను ‘మనూరొచ్చిన సుట్టాలు’ అని సదివినాను. ఆడు ఏడిసేసినాడు.” అప్పలరాజు గ్లాసు కింద పెట్టాడు. “అన్నం పెట్టినోడికి అబద్దం సెప్పినాను. దాన్ని నిజం సేసి పంపాల.”



“అలా ఎవరు రాశారో ఏమో,” అంది హరిప్రియ.

శరత్ శీర్షిక కొట్టేశాడు. దాని కింద కాసిం పేరు రాసి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో అప్పలరాజుకి చూపించాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

“నేనే రాశాను, తప్పు రాశాను.”