మూడో సాక్షి

"మూడో సాక్షి లేకుంటే పెళ్లి కాదమ్మా! పావుగంటల ఆఫీసు బంద్," అన్నాడు గుమస్తా భూపాల్, కాగితాలు వెనక్కి తోస్తూ. "పిల్ల దిక్కు ఒక్కరన్న లేరా?"

నాంపల్లి రిజిస్ట్రార్ ఆఫీసులో దండ చేత్తో పట్టుకుని నిలబడ్డ మృదులకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఉన్న ఇద్దరు సాక్షులూ పెళ్లికొడుకు పరశురాం దోస్తులే. వస్తానన్న స్నేహితురాలు బషీర్‌బాగ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. తండ్రి రాజనర్సు సంగతి సరేసరి. కులం కాని సంబంధమని నెల రోజులుగా మాటే మానేశాడు.

"నేను పెడ్త సంతకం," అన్నారెవరో వెనకనుంచి.

అందరూ తిరిగి చూశారు. శ్యామ్‌సుందర్! పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ, ఆ మొహం ఎరగని ఇల్లుందా? పాతికేళ్లుగా సినిమాల్లో, సీరియళ్లలో ఆడపిల్ల తండ్రంటే ఆయనే. ఆయన ఏడిస్తే పొయ్యి మీద కూర మాడాల్సిందే.

భూపాల్ గబుక్కున లేచాడు. "సార్, మీరా! మా అమ్మకు మీరంటే పానం. ఆధార్ ఉన్నదా?"

ఆయన ఆధారూ, దాని జిరాక్సూ తీసిచ్చి సంతకం పెట్టారు. దండలు మార్చుకున్నారు. పెళ్లయిపోయింది.

మృదుల ఆయన కాళ్లకు మొక్కింది. "సార్, మా బాపు రాలె. సీరియల్ల మీ బిడ్డను దీవించినట్టు నన్ను గూడ జర దీవించున్రి."

ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగారు.

"బిడ్డా, చిన్నప్పుడు ఉరిమితే నా బనీను పట్టుకొని పండేటిదానివి. హాస్టల్ల ఏసినంక, ఉరిమిన రాత్రల్లా నాకు నిద్ర లేదు. ఇగ ఆ ఫికర్ లేదు. పిలగాడు మంచోడే. నేనే మొండోణ్ణి..."

ఆ గొంతు వణికింది. భూపాల్ ముక్కు చీదుకున్నాడు. అబ్బ, ఏం నటుడండీ!

మృదుల మాత్రం దిగ్గున లేచింది. "సార్, బనీను సంగతి మీకెట్ల ఎరుక?"

"నాకేం ఎరుకమ్మా! షూటింగుల ఒకరు వెనకనుంచి డైలాగు అందిస్తరు, నేను చెప్త. గట్ల అందియ్యకుంటే ఇన్నేండ్లల్ల ఒక్క ముక్క చెప్పలే," అంటూ ఆయన తన చెవిలోంచి చిన్న ఇయర్‌ఫోన్ తీసి ఆమె చెవిలో పెట్టారు.

బాపు గొంతు! వెక్కిళ్ల మధ్య కసురుతోంది: "చిన్ననాటి దోస్తువని నిన్ను పంపితే, ఏందిరా శ్యామా, ఆగినవ్? 'నూరేండ్లు సల్లగుండు బిడ్డా' అను... జర మంచిగ అనురా!"