ఎల్మర్ త్యాగం

"ఒరేయ్ ఎల్మర్! ఆ తాడు వదలరా!"

తౌనో ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడుతోనే గుమ్మం దాటి పరుగెత్తాడు. సుపీరియర్ సరస్సు మీదినుంచి తేలివచ్చిన మంచు మోకాలి లోతున పడి ఉంది. పక్కింటి షెడ్డు వాకిట్లో ఎల్మర్ తన మంచు ఎగజిమ్మే మిషను పక్కన నిలబడి ఉన్నాడు. టార్పాలిన్ కిందినుంచి వేలాడుతున్న, ఇంజను స్టార్టు చేసే తాడు కొస అతని చేతిలో ఉంది.

"పొద్దున్నే ఏంట్రా నీ గోల? దారంతా మూసుకుపోయింది. కారు తియ్యొద్దా?"

"పారతో తీసుకోరాదూ?"

"నా నడుం నువ్విస్తావా?"

తౌనోకు కిందటి శీతాకాలం కళ్ళముందు మెదిలింది. తెల్లవారకముందే ఆ మిషను చేసే రొద, ఊరంతా కమ్మే పొగ, తెల్లటి మంచు మీద నల్లటి నుసి. ఆ చప్పుడుకి పిట్టలు పెరట్లోకి రావడమే మానేశాయి. తపాలా బట్వాడా చేసి రిటైరైన తౌనోకు మంచంటే ప్రాణం. ఏటా తొలి మంచును చిటికెడు నాలుక మీద వేసుకోనిదే కాఫీ ముట్టడు. చచ్చేలోగా ఒక్క శీతాకాలమైనా ఆ మిషను మోత లేకుండా గడవాలని అతని కోరిక.

"మంచు మనకి మందురా. పార పడితే మన గుండెకి మంచిది, మిషను ఆపితే భూమికి మంచిది. చిన్నప్పుడు మేడ కిటికీదాకా మంచు పేరుకుంటే అందులోంచే ఇంట్లోకి దూరేవాళ్ళం, గుర్తుందా? ఇప్పుడేమో క్రిస్మస్‌కి గడ్డి కనబడుతోంది. ఎందుకంటావ్?"

"నా ఒక్కడి మిషనుకే ఉత్తరధ్రువం కరిగిపోతోందా?"

"అందరూ ఆ మాటే అంటున్నారు. అందుకే కరుగుతోంది."

ఎల్మర్ తాడు కొస వేలికి చుట్టుకున్నాడు. "సరే, మానేస్తా. మరి నా దారి ఎవడు తీస్తాడు?"

"నేను తీస్తా," అనేశాడు తౌనో.

ఎల్మర్ తాడు వదిలేసి, టార్పాలిన్ మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు. "నీ కోసం, భూమి కోసం వదులుకుంటున్నా. మళ్ళీ మాట తప్పకు."

ఆ రోజునుంచి తౌనో తన వాకిలి ముగించుకుని, పెద్ద తోపుడు పార నెట్టుకుంటూ పక్కింటికి వెళ్ళేవాడు. ఎల్మర్ కిటికీలో కూర్చుని, యాలకుల రొట్టె కాఫీలో ముంచుకు తింటూ, మిగిలిపోయిన మూలలను వేలితో చూపించేవాడు.

కొన్నాళ్ళకు, "శనివారం సానాలో ఆవిరిస్నానానికి ఎలా పోనురా? పెరటి దారి లేదు. తాడు లాగితే చిటికెలో పని..." అన్నాడు. తౌనో పెరటి దారి కూడా తీశాడు. ఆ తర్వాత ఇంటికప్పు వంతు వచ్చింది.

"మిషను కప్పెక్కదు కదయ్యా! ఆ వంకతో కప్పు మీది మంచెందుకు తీస్తున్నావ్?" అంది భార్య సైమా.

"వాడంత త్యాగం చేశాడు. నేనీమాత్రం చెయ్యలేనా?"

"త్యాగం వాడిదీ, చెమట నీదీనా? బావుంది!"

జనవరిలో పెద్ద తుఫాను వచ్చి కిటికీలు సగం మునిగాయి. ఆ ఉదయం తౌనో నడుం పట్టేసి మంచం మీదనుంచి లేవలేకపోయాడు. పక్కింటి షెడ్డు తలుపు కిర్రుమంది.

"నువ్వు పడుకోరా తౌనో!" ఎల్మర్ కేక వినిపించింది. "ఈ ఒక్కసారికీ నేనే తాడు లాగేస్తాలే!"

"ఒక్కరోజుకి మోగనియ్యవయ్యా, కొంప మునిగిపోదు," అంది సైమా.

"ఒక్కరోజు మోగిందంటే ఇక ఆగదే!"

తౌనో గోడ పట్టుకుని లేచాడు. తిట్టుకుంటూ బయటికి నడిచాడు. గాలి ఆగిపోయింది. మంచు మీద నీలంగా వెలుతురు పరుచుకుంది. ఎక్కడో ఒక పిట్ట కూసింది. ఆ కూత వినబడినందుకే రెండు వాకిళ్ళ మంచూ తీసేశాడు. తీసేసరికి నడుం నొప్పి కూడా పోయింది.

వసంతంలో డాక్టరమ్మ కోస్కి అతని రక్తపోటు, షుగరు చూసి కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఏం వాడుతున్నారు?"

"మంచు," అన్నాడు తౌనో. "రెండిళ్ళది."

ఈ సంగతి చర్చి కాఫీ బల్ల దగ్గర పాకింది. ఇంకో నాలుగిళ్ళవాళ్ళు మిషన్లు మూలన పడేసి పారలు పట్టారు. అందరూ ఎల్మర్‌ని రెండు మాటలు మాట్లాడమన్నారు.

"త్యాగం గురించి చెప్పుకోకూడదు," అన్నాడు ఎల్మర్ తల వంచుకుని. చప్పట్లు మోగాయి.

మంచు కరిగాక తౌనోకు ఓ ఆలోచన వచ్చింది. వచ్చే ఏడు స్నేహితుడు మళ్ళీ బలహీనపడకుండా ఆ మిషనును తుక్కుకి ఇచ్చేయాలి. సైమాను వెంటబెట్టుకుని ట్రక్కు తెచ్చాడు.

"ఇప్పుడెందుకురా?" ఎల్మర్ షెడ్డు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "నేనే తీసుకెళ్తాలే. మహా బరువు! నీ నడుం పోతుంది."

"నా నడుమా? ఈ చెయ్యి పట్టుకు చూడు!"

నిరుడు దాన్ని షెడ్డులోకి ఎక్కించడానికి ఇద్దరూ ఆయాసపడ్డారు. ఇప్పుడు తౌనో ఒక్కడే టార్పాలిన్‌తో సహా రెండు చేతులా వాటేసుకుని, ఒక్క ఊపులో ట్రక్కులోకి ఎత్తి పడేశాడు.

"చూశావటే సైమా! డెబ్భై దాటిన ఒళ్ళు! మంచు ఇచ్చిన బలం! ఒరేయ్ ఎల్మర్, ఇదంతా నీ చలవేరా!"

"పొయ్యి మీద కాఫీ పెట్టి మరిచిపోయా," అంటూ ఎల్మర్ ఇంట్లోకి గబగబా వెళ్ళిపోయాడు.

సైమా ట్రక్కు దగ్గరికి వెళ్ళి టార్పాలిన్ పైకెత్తింది. తాడు రెండో కొస ఉత్త ఇనప చట్రానికి ముడేసి ఉంది.

లోపల ఇంజను లేదు.