నడిమి చావడి తలుపులు

"మాపటికల్లా మ్యాపు మారాలి. ఆ తలుపులు తీసేసి గోడలు కట్టెయ్యండి అపాయ్" అన్నాడు బౌర్జాన్.

"కట్టను" అంది కుల్యాష్, పాల టీ ఊదుకుంటూ.

ఆవిణ్ణి అందరూ అపాయ్ అనే పిలుస్తారు, అక్కడి మాటలో పెద్దావిడ అని. మన చెవికి అపాయంలా వినిపిస్తుంది. వినిపించనివ్వండి, పెద్ద తేడా లేదు.

కరగందా ఊళ్లోని ఆ చిన్న కంపెనీ తయారు చేసేది కంప్యూటర్లో ఆడే తుపాకుల ఆట. ఏదో దూరపు చందమామ మీద, పాడుబడ్డ గని కోసం రెండు జట్లు కొట్టుకు చస్తాయి. బౌర్జాన్ యజమాని. ఆటగాళ్లు ఎక్కడ దాక్కోవాలో, ఎక్కణ్ణుంచి కాల్చాలో, ఎటు పారిపోవాలో ఆ స్థలమంతా మ్యాపుగా గీసేది కుల్యాష్. యాభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్న పని.

గొడవంతా మ్యాపు నడిమి చావడి గురించి. దానికి మూడు తలుపులు. ఏ గుమ్మంలో నిలబడినా చావడంతా కనబడుతుంది, నిలబడ్డవాడికి తూటాలు తగలకుండా గోడ అడ్డుంటుంది. కానీ ఆటను పరీక్షించే కుర్రాళ్లు ఒక్కరూ గుమ్మంలో ఆగరు. ఒక్క దూకు దూకి లోపల పడతారు, నడిమధ్యలో పోతారు. చావడి తన పేరు నిలబెట్టుకుని చావులకే పనికొస్తోంది.

"ఆ తలుపుల మీద ఎవడికీ తలపే లేదు" అన్నాడు బౌర్జాన్. "రేపు ఆట కొనడానికి విదేశాల వాళ్లొస్తున్నారు. తలుపులైనా పోవాలి, మ్యాపైనా పోవాలి."

"నేనైనా పోవాలి. అది మర్చిపోయావు."

కుర్రాళ్లు కిసుక్కుమన్నారు.

"నవ్విన నోళ్లన్నీ ఒక జట్టు. బౌర్జాన్, నువ్వూ వాళ్లతో కూర్చో. నేనొక్కదాన్నే ఒక జట్టు. ఓడితే ఈ కుర్చీ మీకే వదిలేసి పోతా."

"మీ కీళ్లకి కీబోర్డు పడదేమో అపాయ్" అన్నాడు ఝాందోస్, కుర్రాళ్లలో నోరున్నవాడు.

"నా కీళ్ల సంగతి సరే, నీ గురి గురించి చూసుకో నాయనా."

ఆట మొదలైంది. కుల్యాష్ ఒక గుమ్మంలోకి వచ్చి సరిగ్గా గడప మీద నిలబడింది. కదల్లేదు. మిగతా గుమ్మాల్లోంచి కుర్రాళ్లు ఒక్కొక్కడే దూకారు, ఒక్కొక్కడే కూలారు. ఝాందోస్ గురి కుదిరేలోపే వాడి కథ కుదించింది. చివరికి బౌర్జాన్ ఎదుటి గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చాడు. అక్కడే ఆగి కాల్చుంటే ఆవిడ పని అయిపోయేది. వాడూ దూకాడు. వాడూ పోయాడు.

"ఆగొచ్చుగా?" అంది కుల్యాష్.

"ఏమో అపాయ్. కాలు ఆగలేదు."

"రేపొచ్చేవాళ్లు ఆగుతారు. తలుపులు ఉంటాయి."

"వాళ్లు ఆగుతారని మీకెలా తెలుసు?"

కుల్యాష్ టీ అందుకుంది. ఈ పనిలోకి రాకముందు ఆ పేట బాలవాడిలో టీచరుగా ఉండి, గడప తొక్కితే ఇంటికి అరిష్టమని ఇప్పుడీ ఆఫీసు గదిలో కూర్చున్న ప్రతివాడికీ చిన్నప్పుడు చెవి మెలేసి నేర్పింది ఆవిడే.