డబ్బా మీద మామ్మ

రంగు డబ్బా మీద కూర్చున్న మనిషిని లేపకుండా పంపుకు రంగు వేయడం ఎవరి తరమూ కాదు. ఆ కూర్చున్నది లాండ్రీ మామ్మ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు.

ముప్పై అయిదేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన చేతులు ఆమెవి. మొండి మరకలతో పోరాడీ పోరాడీ తానూ అంత మొండిదైపోయింది.

ఆ వీధిలో ఉన్నవి నాలుగు చేతి పంపులు. పరీక్షలో నీళ్ళలో విషం తేలితే పంపుకు ఎర్ర రంగు వేస్తారు, తాగకూడదని. తేలకపోతే ఆకుపచ్చ రంగు వేస్తారు, నిక్షేపంగా తాగొచ్చని. అప్పటికే మూడు పంపులు ఎర్రబడ్డాయి. మిగిలింది మామ్మ గుమ్మం ముందున్న ఈ నాలుగోది. పెళ్ళైన కొత్తలో ఆమె భర్త దగ్గరుండి, తన చేతులతో పైపులు దింపి నిలబెట్టిన పంపు.

"మామ్మగారూ, లేవండి. నేనింకా రెండు వీధులు తిరగాలి," అన్నాడు నీటి పరీక్షల ఉద్యోగి, చేతిలో బ్రష్షుతో.

"తిరుగు నాయనా, ఎవరొద్దన్నారు? డబ్బా ఇక్కడే ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటాను."

"కాళ్ళు తిమ్మిరెక్కుతాయండీ."

"ఎక్కితే ఎక్కనీ. ఎప్పుడు దిగాలో వాటికి నేను చెప్తాను."

ఎదురింటి టైలరు మెడలో టేపుతోనే బయటికొచ్చాడు. "ఏంటి మామ్మా ఈ గోల? మీ ఆయన పోయినప్పట్నుంచీ ఈ పంపునే పట్టుకుని వేలాడుతున్నావు. చదువుకున్నవాళ్ళు పరీక్ష చేసి తేల్చాక మధ్యలో నీదేంటి?"

"నా జాకెట్టుకి కుడి చెయ్యి ఎడమవైపు కుట్టిన రోజు కూడా నువ్వు ఇంత ధీమాగానే మాట్లాడావురా."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. టైలరు టేపు సర్దుకున్నాడు.

మామ్మ మాత్రం నవ్వలేదు. "ముప్పై ఏళ్ళు మా ఆయన ఈ నీళ్ళే తాగాడు. ఇంట్లో ఆరు నెలల మనవరాలుంది. దాని పాలసీసాలో ఏ నీళ్ళు పోయాలో నా కోడలికి నేను చెప్తాను. ఈ డబ్బా చెప్పక్కర్లేదు."

ఉద్యోగి మంచివాడే. విసుక్కోకుండా పంపు గట్టు మీద ఆమె పక్కనే కూర్చున్నాడు.

"చూడండి మామ్మగారూ. ఇక్కడి మట్టి నిండా ఇనుమే. ఆ ఇనుము విషాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. అడుగున ఆకులూ అలములూ కుళ్ళి గాలాడకుండా పోయిన చోట ఇనుము కరిగిపోతుంది. పట్టు తప్పి విషం నీళ్ళలో పడుతుంది. ఏ పంపు కింద అలా జరిగిందో కంటికి కనబడదు. అందుకే ఈ పరీక్షలు. మీ పంపు నీళ్ళూ చూశాం కదా!"

"మీరు చూసినవి మా పంపు నీళ్ళు కావు."

"అదేంటండీ? మీ కళ్ళ ముందేగా సీసాలో పట్టాను!"

"పట్టావు. పట్టిన ఎన్నాళ్ళకి చూశారు?"

"వరసలో బోలెడు సీసాలుంటాయి. పది రోజులైంది."

మామ్మ ఇంట్లోకి ఓ కేక వేసింది. కోడలు చంకలో పిల్లతో, చేతిలో గాజు సీసాతో వచ్చింది.

"మొన్న పట్టిన నీళ్ళివి. పట్టినప్పుడు అద్దంలా ఉన్నాయి. ఇప్పుడు చూడు."

పైన నీళ్ళు తేటగానే ఉన్నాయి. అడుగున ఎర్రటి మడ్డి, గోరంత మందాన.

"మీ సీసాలోనూ ఇలాగే పేరుకుందా?"

"పేరుకుంది."

"కదిపారా?"

"లేదండీ. పైన తేరినవే తీశాం. అసలు పట్టగానే రెండు చుక్కలు ఆసిడ్ వేయాలి, ఎర్రబడకుండా. అది నిండుకుని నెలైంది. తుప్పే కదా అని…"

"తుప్పే కదా!" మామ్మ కూర్చున్నచోటే నడుం నిటారు చేసింది. "తుప్పుతో కాపురం చేసినదాన్ని నేను. తెల్ల దుప్పటి మీద తుప్పు మరక పడితే నిమ్మకాయ పిండేదాన్ని. పులుపు తగిలితేనే కరిగి, పట్టుకున్నదాన్ని వదులుతుంది. లేకపోతే చచ్చినా వదలదు. తుప్పు ఒట్టి చేతులతో అడుక్కి దిగదు నాయనా."

ఉద్యోగి ఆ సీసాను చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత లేచి, పైపులో నిలవున్న నీళ్ళు పోయేలా యాభైసార్లు పంపు కొట్టి, కొత్త సీసా నింపాడు.

"ఓ నిమ్మకాయ ఉందా అమ్మా?" అన్నాడు కోడలితో. "ఇప్పటికి దీంతో సర్దుకుందాం. సాయంత్రంలోగా నేనే దగ్గరుండి చూస్తాను. రేపు ఆసిడ్ తెచ్చి ఇంకోసారి పడతాను."

"అలా రా దారికి," అంటూ మామ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

అతను ఫైల్లోంచి పాత రిపోర్టు తీసి, 'తాగడానికి పనికొస్తాయి' అన్న ముక్కను అడ్డంగా కొట్టేసి, ఆమె వదిలిన ఆకుపచ్చ రంగు డబ్బాను మూత తీయకుండానే బండెక్కించాడు.