మనిషి పడితే చెరిపెయ్యాలి

లాకీని పూడ్చి వారం కాలేదు. స్కాట్లండ్ పడమటి కొండల్లో పాత వానడవిని మళ్ళీ పెంచుతున్న ఊరి సంఘం నుంచి ఒక అమ్మాయి వచ్చి, అతని భార్య ఎఫీ వంటింట్లో కూర్చుంది. ఇచ్చిన టీ ముట్టలేదు.

లేత మొక్కల్ని మేసే జింకల్ని కనిపెట్టడానికి సంఘం చెట్లకు కెమెరాలు కట్టింది. ఫొటోలు అప్పటికప్పుడు ఊళ్ళోవాళ్ళ ఫోన్లకు వస్తాయి. వాగు పక్క కెమెరా ఎఫీ వంతు.

"లాకీ పడిపోయింది ఆ వాగు పక్కనే. తొమ్మిది ఫొటోలొచ్చాయి, తొమ్మిదీ మీరే చెరిపేశారు. చెరిపినవి మా కంప్యూటర్లో నెల్లాళ్ళుంటాయి, ఎఫీ."

"రూలు మీదే కదమ్మా. జింక పడితే ఉంచు, మనిషి పడితే చెరిపెయ్యి, ఎవరెక్కడ తిరిగితే మనకెందుకు అన్నారు."

"అది దారినపోయేవాళ్ళకి! చూడండి, కాలు విరిగి వానలో పడున్నారు. మూడు గంటలు కెమెరా వైపు చెయ్యెత్తుతూనే ఉన్నారు. ఆ చెయ్యి మీకు కనబడలేదా?"

ఎఫీ కళ్ళజోడు పెట్టుకుని, అమ్మాయి చూపిన ఫొటోల్ని తీరిగ్గా చూసింది. బిస్కెట్ల పళ్ళెం అమ్మాయి ముందుకి జరిపింది.

"కనబడకేం? ముప్పై ఏళ్ళు నా మీదికి లేచిన చెయ్యే. సాయం అడగడానిక్కూడా లేస్తుందని నేనెప్పుడు చూశానూ?"