పంటి నొప్పి

"ఫర్మీన్! నువ్విక్కడేంటి?"

గనివాళ్లకి కానుకగా కొన్న కోకా ఆకుల పొట్లం మాబెల్ చేతిలోనే ఉండిపోయింది. మెక్సికో నుంచి బొలీవియాకి చదువుకోడానికి వచ్చిన పిల్ల, శనివారం సరదాగా పొటోసీ వెండిగని చూద్దామని దిగితే, ఒళ్లంతా దుమ్ముతో ఎదురయ్యాడు తన క్లాసువాడు.

అతని బుగ్గ ఉబ్బి ఉంది. ప్రతి సోమవారం అలాగే క్లాసుకొచ్చి, పంటి నొప్పి అనేవాడు.

"దొంగా! పన్ను కాదు, బుగ్గలో కోకా ఆకుల ఉండా?"

"నములుతుంటే ఆకలి తెలీదు."

"ఉండు, సోమవారం అందరికీ చెప్తా నీ పని!"

"చెప్పు. నేనెలాగూ రాను. నాన్న ఊపిరితిత్తులు పోయాయి. ఇన్నాళ్లూ శని, ఆదివారాలే చేశా, ఇప్పుడు ఆయన చోటు నాకిచ్చారు."

"మరి చదువు?"

ఫర్మీన్ పొట్లం అందుకున్నాడు.

"గనివాడితో ఫోటో దిగుతావా, అమ్మా?" వెనకనుంచి గైడు కేకేశాడు.

ఆమె వద్దనేలోపే, ఫర్మీన్ అలవాటుగా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.