మూడో సంపు

"నాలుగోది." చచ్చిన రొయ్యను అరచేతిలో పెట్టుకుని ఓబిలేష్ ముక్కు దాకా తెచ్చాడు హనుమంతరాయుడు. "ఇంగ ఒకటే మిగిలింది. దాన్ని ఎప్పుడు చంపుతావో చెప్పప్పా, చూసి తరిస్తాం."

ఎర్రచారల సముద్రపు రొయ్య అది. చెన్నై నుంచి ప్రాణాలు అరచేత పెట్టుకుని తెప్పించిన ఐదింటిలో ఒకటి.

బుక్కరాయసముద్రంలోని ఆ కొత్త ఇంటి హాల్లో గోడకు గోడంతా ఉప్పునీళ్ళ తొట్టి. వాన చినుక్కి మొహం వాచిన సీమలో సముద్రాన్నే ఇంట్లో పెట్టుకోవాలని హనుమంతరాయుడి ముచ్చట. పెద్ద తొట్టి కింద, అలమారలో ఇంకో చిన్న తొట్టి ఉండాలి. సంపు అంటారు. పైనుంచి దిగిన నీళ్ళు అందులో వడగట్టుకుని మోటారుతో మళ్ళీ పైకెక్కుతాయి. బెంగళూరు నుంచి మంచిది తెప్పిద్దామని ఆయన అన్నాడు. ఓబిలేష్ ఊరుకోవచ్చు కదా! "దాని రేటులో మూడో వంతుకే నేను చేసిస్తా అన్నా" అన్నాడు. కోరి కొరివితో తల గోక్కున్నాడు.

మొదట నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కోసి పెట్టాడు. పదిరోజులకల్లా రెండు రొయ్యలు చచ్చాయి, తొట్టిలోని పగడపు జీవులు ముడుచుకుపోయాయి. ప్లాస్టిక్ పడలేదనుకుని పాత అద్దాలు అతికించి రెండోది చేశాడు. మళ్ళీ అదే వరస. జిగురు మంచిది కాదేమో? పదేళ్ళుగా అనంతపురంలో చేపల అంగడి నడుపుతున్నవాడికి తన చేతిపని మీద తనకే నమ్మకం పోతే ఇక మిగిలేదేముంది? రాత్రుళ్ళు నిద్ర పట్టడం మానేసి నెల దాటింది.

"ఈ పొద్దు మూడోది తెచ్చినా అన్నా. అంతా కొత్త అద్దం. మా అంగట్లో వారం ఉప్పునీళ్ళు నిలిపి, వేరే రొయ్యను వదిలి చూసినా. బాగుండాది."

"మీ అంగట్లో బతుకుతాయి, మా ఇంట్లో సస్తాయి. అంటే మా ఇల్లు మంచిది కాదంటావా?"

"అయ్యో, అంత మాటా!"

"ఇదే ఆఖరు. ఇది గూడా పోయిందనుకో, మీ అంగడి ముందర కుర్చీ ఏసుకుని కూచుంటా. ఈయప్ప కాడ చేప గాదు గదా, చేపల మేత గూడా కొనొద్దండని వచ్చినోళ్ళందరికీ చెప్తా."

చెప్పినంతా చేసే మనిషని ఓబిలేష్‌కు తెలుసు.

"వాని నోరు అంతేలే నాయనా, తాగు." మజ్జిగ చెంబు తెచ్చింది తిమ్మమ్మ, హనుమంతరాయుడి తల్లి. ఆ ఇంట్లో ఓబిలేష్‌తో మెత్తగా మాట్లాడేది ఆమె ఒక్కతే. పొద్దస్తమానం తొట్టి ముందే కూర్చుంటుంది. రొయ్య చచ్చిన పూట ఆమెకు ముద్ద దిగదు. "ఇన్ని నీళ్ళు ఒక్క తావున చూసి ఎన్నేండ్లయిందో! ఆ మిగిలినదాన్నన్నా కాపాడు" అంది.

ఓబిలేష్ పాత సంపును ఊడదీసి పెరట్లోకి మోశాడు. కడగబోతే తిమ్మమ్మ అడ్డం వచ్చింది.

"నేను కడుగుతాలే. నువ్వు పోయి ఆ పని చూసుకో."

అతను లోపలికొచ్చి కొత్త సంపు అమర్చాడు. తొట్టిలో సగం నీళ్ళు మార్చాడు. మోటారు చేతిలోకి తీసుకుని తీగను అంగుళం అంగుళం తడిమి చూశాడు.

"ఏం ఎతుకుతాండావు?" అన్నాడు హనుమంతరాయుడు.

"తీగ తెగి రాగి బయటపడిందేమోనని అన్నా. చేపలు కొంచెం ఓర్చుకుంటాయి గానీ రొయ్యలకు, పగడాలకు రాగి విషం. గోరంత చాలు."

తీగ చెక్కుచెదరలేదు. ఆ ఆశ కూడా పోయింది. అంటే తప్పంతా సంపుదే, చేసిన తనదే.

"సరే, కరెంటు పోతే?" అని అడిగాడు హనుమంతరాయుడు.

అసలు పరీక్ష అది. మోటారు ఆగితే పైనీళ్ళు కొన్ని సంపులోకి దిగుతాయి. సంపు చాలకపోతే హాలంతా సముద్రమే. ఓబిలేష్ ఇంటిదేవుణ్ణి తలుచుకుని స్విచ్ ఆపాడు. నీళ్ళు పెరిగాయి. ఇంకా పెరిగాయి. హనుమంతరాయుడు పంచె పైకెత్తి పట్టుకున్నాడు. అంచుకు రెండు వేళ్ళ కింద నీళ్ళు నిలిచిపోయాయి.

ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

మిగిలిన రొయ్య మాత్రం రాతి సందులోంచి కదల్లేదు. ఒంటిగంట అయింది, రెండయింది. "సచ్చిందా?" అని హనుమంతరాయుడు, "లేదన్నా" అని ఓబిలేష్. ఇదే మాట పదిసార్లు నడిచింది. మూడున్నరకు సందులోంచి తెల్లటి మీసం ఒకటి బయటికొచ్చింది. ఆ వెనకే రొయ్య నిదానంగా నడిచొచ్చి, వేసిన మేత అందుకుంది.

"అవ్వా, బతికింది!" అని పెరట్లోకి వినబడేలా అరిచాడు ఓబిలేష్.

"బతికినావు పో!" హనుమంతరాయుడు వీపు మీద ఒక్కటి చరిచాడు. "బెంగళూరు సంపు ఏం చేసుకోను, నీదే నయం."

చెరువుకట్ట మీద బండి పోతుంటే ఓబిలేష్‌కు చాన్నాళ్ళ తర్వాత ఆకలేసింది. హనుమంతరాయుడు మిద్దె మీదికెక్కి నడుం వాల్చాడు.

హాల్లో ఎవరూ లేరు. తిమ్మమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి అలమార తలుపు తీసింది. కొత్తనీళ్ళు ఇంటికొస్తే గంగమ్మకు ఇవ్వాల్సింది ఇవ్వకుండా వాడుకోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక తెలియదు. బోరు పడినా అంతే, కొళాయి వచ్చినా అంతే. "రెండుసార్లు నీ మనసు కరగల్యా తల్లీ, ఈసారన్నా ఈటిని సల్లగా చూడు" అని దండం పెట్టుకుంది.

పాత సంపు కడుగుతూ ఏరి కొంగున కట్టుకున్న రాగి కానీ బిళ్ళను కొత్త సంపులో వేసింది.